పెన్సిల్‌తో రాసిన ‘బహుశా’

“బహుశా ల్యూటే,” అన్నాడు మావయ్య. “పొట్ట మాత్రం ల్యూట్‌దే. మెడ సంగతి మెడనే అడగాలి.”

‘బహుశా’ లేకుండా మా మావయ్యకు మాట పెగలదు. మ్యూజియంలో ల్యూట్‌ల్లాంటి పాత తంత్రీవాద్యాలను పరీక్షించి, ఏవి ఏ రకానివో చీటీలు రాయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా ప్రతి చీటీ పెన్సిల్‌తోనే, ప్రతి చీటీ ‘బహుశా’తోనే. భోజనానికి ఎప్పుడొస్తావని అత్తయ్య ఫోన్ చేస్తే, ఏడింటికి, బహుశా, అంటాడు. ఆవిడ కంచం మీద మూత పెట్టేసి నిద్రపోతుంది.

గడియారాల రిపేరు మానేసి, నలభయ్యో ఏట నేను ఆయన దగ్గర చేరాను. మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. చదివిందేమీ లేదు, ఆయన చెబుతుంటే విన్నదే. విన్న కొద్దీ నాకన్నీ వచ్చేశాయనిపించింది. మావయ్యది ఉత్త పిరికితనమనీ, ఆయనకు తన మీసం మీద కూడా అనుమానమేననీ గేటు దగ్గర కాపలా ఆయనతో అన్నాను కూడా.

ఒకరోజు మావయ్య లేనప్పుడు, బేరిపండును నిలువునా కోసినట్టున్న ల్యూట్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. తల దగ్గర బిరడలు లెక్కపెట్టాను, పదిహేను. కలం తీసి సిరాతో రాశాను: ‘పదిహేను తీగల ల్యూట్. సందేహం లేదు.’ ఆ చివరి రెండు మాటలూ ఎవరిని దెప్పడానికో చెప్పక్కర్లేదు.

మర్నాడు మావయ్యా నేనూ ఉండగా క్యూరేటరమ్మ ఒక నిపుణుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆ నిపుణుడు బిరడల వంక చూడనే లేదు. పొట్ట మీద తీగలు ముడివేసే కొయ్యపట్టీ చూశాడు. దానికున్న రంధ్రాలు పదకొండే. వేరే వాద్యం తల తెచ్చి దీనికెవరో ఎప్పుడో అతికించారట. అంటే నా ల్యూట్‌కి నాలుగు తీగలు గాల్లో కట్టుకోవాలి.

క్యూరేటరమ్మ చీటీ తీసి పైకి చదివింది.

“బహుశా పదిహేను తీగల ల్యూట్. ఎవరు రాశారిది?”

“నాదే,” అన్నాడు మావయ్య. “రంధ్రాలు చూడలేదు. పొరపాటే.”

ముప్పై ఏళ్ళలో ఆయన ‘బహుశా’ లేకుండా చెప్పిన మాట అదొక్కటే. అదీ అబద్ధం. నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. ఉద్యోగం నిలబడింది, తల మాత్రం వంగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక మావయ్య జేబులోంచి నా సిరా చీటీ తీశాడు. వాళ్ళు వరండాలో ఉండగా చూశాడట. పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి చీటీ మార్చేంత వ్యవధే దొరికిందట, రంధ్రాలు చూసేంత కాదట. నేను వెళ్ళి నిజం చెప్పేస్తానని లేచాను.

“కూర్చోరా. నా చీటీల్లో ఒక తప్పు పెరిగితే ఎవరికీ పట్టదు. చెరుపుకోడానికే కదా పెన్సిల్. నీది మొదటి చీటీ.” మీసం దువ్వుకున్నాడు. “ఇది నాదేలే, బహుశా.”

మీసం మాట కాపలా ఆయన చెప్పేశాడన్నమాట.

ఆయన తన పెన్సిల్ నా చేతిలో పెట్టాడు. “రంధ్రాలు లెక్కపెట్టి కొత్త చీటీ రాయి. ఇంటికెళ్తూ అత్తయ్యతో చెప్పు, ఏడింటికి వస్తానని.”

“బహుశా అని చెప్పనా మావయ్యా?”

ఆయన ఆలోచించాడు.

“వద్దు. ఇవాళ మూత పెట్టొద్దని చెప్పు.”