మాస్టారి కెమెరాలో లేని లోపం

లెక్కల మాస్టారు పోయారన్న కబురు మా స్నేహితుడు ప్రత్తిపాడు రైతు ఫోన్ చేసి చెప్పాడు. "షాపులో ఉన్నావా? ముందు కూర్చో" అన్నాడు. మామూలుగా ఫోన్ ఎత్తగానే వానల గురించో, మిరపతోటకి పట్టిన తెగులు గురించో వీధంతా వినపడేలా మాట్లాడే మనిషి. అంత నెమ్మదిగా మాట్లాడేసరికి నాకు సగం అర్థమైపోయింది. నిద్రలోనే పోయారట. పొద్దున్నే మాస్టారి భార్య కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదట. నా బల్ల మీద ఎవరిదో గోడ గడియారం విప్పి ఉంది. దాన్ని అలాగే వదిలేసి షట్టర్ దించేశాను.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. మిషన్ స్కూల్లో పిల్లలకు ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఒకరోజు గుంటూరులో నా గడియారాల షాపుకి పాత కెమెరా ఒకటి పట్టుకొచ్చారు. "గడియారం విప్పే చెయ్యి దీన్ని విప్పలేదా?" అన్నారు. నాకు రోషం ఎక్కువ. రాదు అనడం ఇష్టం లేక విప్పాను. మళ్ళీ బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి పెట్టారు. అది పనిచేసిన రోజున ఆయన కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. నెల తిరక్కుండా నేనూ ఒకటి కొనుక్కున్నాను.

వాటిని రేంజ్‌ఫైండర్ కెమెరాలంటారు. వీటిలో లెన్సులోంచి చూడం. పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తాం. మధ్యలో లేత పసుపు గడి ఒకటి. ఆ గడిలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్స్ తిప్పుతుంటే ఆ ఇద్దరూ దగ్గరకు జరిగి ఒక్కడవుతారు. అప్పుడు నొక్కాలి. "కలిసేదాకా నొక్కకు" అనేవారు మాస్టారు. ఫోన్ తీసి టక్కున నొక్కే రోజుల్లో ఈ తిప్పలేమిటని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. సమాధానం నా దగ్గర లేదు. ఆయన దగ్గర ఉండేది. "ఆ రెండూ కలిసే క్షణం వరకూ ఎదుటివాణ్ణి చూస్తావు చూడు, ఫోన్‌తో అంతసేపు చూడవయ్యా."

మాకు మరో ఇద్దరు తోడయ్యారు. ఒకరు ఈ ప్రత్తిపాడు రైతు, ఇంకొకరు పొన్నూరు బియ్యం వ్యాపారి. మాస్టారు పొద్దున చర్చికి వెళ్ళొచ్చాక ఆదివారాలు నలుగురం కలిసి తిరిగేవాళ్ళం. వంద అడుగుల ఫిల్ము చుట్ట తెప్పించి, మాస్టారు స్నానాలగదిలో చీకటి చేసి, చేత్తో తడుముకుంటూ ముక్కలు కత్తిరించి పంచేవారు. "స్నానానికి కూడా ఈయన పర్మిషన్ అడగాలి నేను" అని అమ్మగారు బయటి నుంచి అరిచేవారు.

వాడరేవులో ఒకసారి వ్యాపారి పడవల్నీ, ఎండబెట్టిన చేపల్నీ రోలంతా తీశాడు. లెన్స్ మూత తియ్యలేదు. ఈ కెమెరాల్లో చూసే కిటికీ వేరు కాబట్టి మూత ఉన్నా అంతా చక్కగానే కనిపిస్తుంది. ముప్పై ఆరు ఫోటోలూ ఖాళీ. నేను, రైతు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మాస్టారు ఆ నెగెటివ్‌ని వెలుతురుకి ఎత్తి, "ఒక్కటీ అవుట్ ఆఫ్ ఫోకస్ లేదు" అని వ్యాపారి భుజం తట్టారు.

మిరప కల్లాల్లో ఆయన పద్ధతి చూడాలి. రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళి, ముందు కూర్చుని మాట్లాడేవారు. కెమెరా పావుగంట వరకూ సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. "ఫోన్లో తియ్యొచ్చుగా అయ్యగారూ, ఇప్పుడే చూసుకుంటాం" అని ఒకామె అంటే, "ఇప్పుడే చూసేస్తే వచ్చే ఆదివారం నాకోసం ఎందుకు ఎదురుచూస్తారమ్మా?" అన్నారు. చెప్పినట్టే ప్రింట్లు పాత మార్కుల రిజిస్టర్లో పెట్టుకుని వెళ్ళి, పేరు పేరునా పిలిచి ఇచ్చారు. మాది నలుపు తెలుపు ఫిల్ము. ఎర్రటి కాయలు బూడిదరంగులో వచ్చినందుకు వాళ్ళు కాసేపు ఆయన్ని ఆటపట్టించారు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

మూడేళ్ళ క్రితం వానాకాలంలో ఆయన కెమెరా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మధ్యలో గడి మసకబారిందయ్యా. రెండో బొమ్మ కనపడటం లేదు. లోపల అద్దం మీద పూత పోయినట్టుంది, చూడు." పాత కెమెరాల్లో అది మామూలే. పైమూత విప్పాను. అద్దం శుభ్రంగా ఉంది. రోడ్డుకి అవతల ఉన్న మందుల షాపు బోర్డుని చూశాను. రెండు బొమ్మలూ స్పష్టంగా కనిపించాయి. అయినా దూదితో ఒకసారి తుడిచి బిగించాను.

ఆయన వచ్చి, ఎప్పటిలాగే కుడి కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. "ఊహూ" అన్నారు. వెళ్ళబోతూ కుడి భుజం తలుపుకి గుద్దుకున్నారు. నాకు తెలిసిపోయింది. రోజంతా ఒంటికంటికి భూతద్దం పెట్టుకుని బతికేవాణ్ణి, చూపు తగ్గిన మనిషిని గుర్తుపట్టలేనా? కానీ ఆయన గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి, "పూతేనంటావా?" అని అడిగిన తీరు నాకు గుండెలో గుచ్చుకుంది. అవునని చెప్పమని బతిమాలినట్టుంది.

"పూతే మాస్టారూ. పాత సరుకు కదా. అద్దం దొరికితే మారుస్తా" అన్నాను.

"నేను చెప్పలా!" అని నవ్వి వెళ్ళిపోయారు. పెద్ద మనసుతో ఉపకారం చేశానని నేను ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. అంత వెర్రివాణ్ణి.

ఏడెనిమిది నెలలు నేను అవసరం లేని అద్దం కోసం వెతుకుతున్నట్టు నటించాను. చివరికి చర్చిలో ఆయన బైబిల్ని ఒక పక్కకి వంచి చదవడం అమ్మగారు గమనించి, బలవంతంగా కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. కంటిలో ఒత్తిడి పెరిగి కుడిచూపు దాదాపు పోయిందన్నారు. పోయింది తిరిగి రాదు, ముందే వచ్చి ఉంటే కొంతైనా నిలిచేది అన్నారట. ఎడమ కంటికి మాత్రం చుక్కల మందు రాసిచ్చారు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి నిజం చెప్పాను. మాస్టారి మొహం ఎర్రబడింది. "నాకు అబద్ధం చెప్పేంత పరాయివాణ్ణయ్యానా నీకు?" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. రెండు ఆదివారాలు రాలేదు. ఆయన స్కూల్లో కూడా పిల్లల్ని కొట్టేవారు కాదట, మాట్లాడటం మానేసేవారట. ఆ శిక్ష ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

మూడో వారం ఆయనే షాపుకి వచ్చారు. స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు గోడ మీది గడియారాలు చూశారు.

"నువ్వు పూతేనన్న రోజు ఇంటికెళ్ళి ఎడమ కన్ను మూసుకుని క్యాలెండర్ చూశానయ్యా. అంకెలు కనపడలేదు" అన్నారు.

"మరి అప్పుడే వెళ్ళలేదేం మాస్టారూ?"

"భయమేసింది. నువ్వు చెప్పిందే నమ్మితే హాయిగా ఉంది. నమ్మాను." స్టూలు ఇంకాస్త దగ్గరకు జరుపుకుని, "ఇద్దరం కలిసి తప్పు చేసిన లెక్క ఇది. మార్కులన్నీ నీకే తగ్గించుకుంటావేం?" అన్నారు.

నేను ఏడ్చాను. నా వయసు యాభై ఎనిమిది, షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు.

తర్వాత ఆయన ఎడమ కంటితో నేర్చుకున్నారు. ఎడమ కంటికి పెట్టుకుంటే ముక్కు కెమెరాకి ఆనుతుంది, ఫిల్ము తిప్పే లివర్ నుదుటికి గుచ్చుకుంటుంది. "దేవుడు ముక్కు మధ్యలో పెట్టడం ఈ కెమెరా చేసినవాడికి తెలీదు" అని విసుక్కునేవారు. తర్వాత తర్వాత దూరం అంచనా వేసి లెన్స్ మీద అంకె పెట్టేసి తీసేవారు. నేను పది అడుగులంటే ఆయన పదకొండు అనేవారు. టేపు పెట్టి కొలిస్తే ఆయనదే నిజమయ్యేది. ఆ రెండేళ్ళలో తీసినన్ని మంచి ఫోటోలు ఆయన అంతకుముందు తియ్యలేదు. ఇది చనిపోయారు కదాని చెబుతున్న మాట కాదు.

సమాధి కార్యక్రమం అయిన మరుసటి ఆదివారం రైతు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఇవాళ కల్లాలకొద్దు. ముగ్గురం కళ్ళ డాక్టరు దగ్గరకి పోదాం, బయల్దేరు." నాకేం, బాగానే కనపడుతోందని వ్యాపారి గొణిగాడు. అయినా వచ్చాడు.

నర్సమ్మ మా ముగ్గురి కళ్ళల్లో చుక్కలు వేసి, అరగంట కళ్ళు మూసుకోమని బెంచీ మీద కూర్చోబెట్టింది. చూడకుండా ఉంటే చెప్పడం తేలికనిపించింది. అద్దం సంగతి ఆ ఇద్దరికీ అప్పుడు చెప్పాను. మాస్టారు వాళ్ళకి చెప్పలేదని నాకు తెలుసు.

పక్కనుంచి రైతు గొంతు వినిపించింది. "అప్పట్లోనే చేలో గట్టు మీద మాస్టారు నా భుజం పట్టుకుని నడిచాడయ్యా. గట్టు జారుతోందిరా అన్నాడు. ఎండకి గట్టు రాయిలా ఉంది. నేనూ జారుతోందనే అన్నా."

"ఒకరోజు నా కెమెరాలో చూసి, నీదీ మసకబారింది, తుడిపించుకో అన్నారు" అన్నాడు వ్యాపారి. "సరేనండీ అన్నాను. నాది కొత్తదానిలా ఉంది."

నర్సమ్మ చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. "ఏంటండీ, ముగ్గురికీ ఇన్ని నీళ్ళు కారుతున్నాయి? మందు మండుతోందా?"

"మందు కాదమ్మా" అన్నాను. "మా మాస్టారు పోయారు."

ఆమె ముగ్గురి చేతుల్లో తలా కాస్త దూది పెట్టి, అలాగే కళ్ళు మూసుకుని ఉండమంది.