హైవే ఈవలి బడి

నా భార్య రిటైరైన మర్నాడే మా వాడ బడికి తాళం వేశారు.

అందులో చదివే చిన్నపిల్లలందర్నీ హైవే దాటి అవతలి బడికి పొమ్మన్నారు. ఎవరూ వచ్చి చూడలేదు, ఎవర్నీ అడగలేదు. ఒక కాగితం వచ్చింది, అంతే. ఇది 2011 నాటి మాట. ఆ తాళం నాకింకా కళ్ల ముందే ఉంది. కొత్త ఇత్తడి తాళం. అది వేలాడిన తలుపుకు కింది చెక్క సగం ఊడిపోయి ఉంది. పిల్లి సులువుగా లోపలికి పోయి వచ్చేది. పిల్లలకే దారి లేదు.

మా వాడ శంషాబాదుకు పోయే దారిలో, సాతంరాయి దాటాక బెంగళూరు రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. నేను బోరు మోటార్లకు వైండింగ్ కట్టి బతికినవాణ్ణి. బడి మొహం చూడలేదు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు, మోటార్ల మీది రేకు చీటీలు, ఇవే నా పుస్తకాలు. పెళ్లైన కొత్తలో ఆమె, "కూసో, నేను నేర్పిస్త" అంటే, పెళ్లాం ముందర పలక పట్టుకుంటానా అని మొండికేశాను. చాటుగా నేర్చుకున్నాను. ఆమెకు తెలుసు. తెలిసీ ఏమీ అనకుండా, నేను అన్నం తినే చోట రోజూ పేపరు తెరిచి పెట్టి పోయేది.

ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా చేసింది. చివరి పద్నాలుగేళ్లు మా వాడ బడిలోనే. ఒకటే గది, ఒకతే టీచరు. గంట కొట్టేదీ ఆమే, పాఠం చెప్పేదీ ఆమే, ముక్కులు తుడిచేదీ ఆమే. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు, నెత్తి మీద విమానం పోయినప్పుడల్లా గది ఖాళీ అయ్యేది. వేరేవాళ్లయితే బెత్తం తీసేవారు. ఈమె ఒక షరతు పెట్టింది. బయటికి ఉరికినవాడు తిరిగొచ్చి, ఇంకొకరు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నోరు విప్పని పిల్లలు కూడా, "టీచర్, దాని కడుపు కింద ఎర్ర బల్బు ఉన్నది", "దాని నీడ మా బర్రె మీదికెళ్లి పోయింది" అని చెప్పడం మొదలుపెట్టారు.

మా కొడుకు ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడుపుతాడు. వాడి కూతురు అప్పుడు ఆ బడిలోనే రెండో తరగతి. గడప లోపల టీచరు, గడప దాటితే నాయనమ్మ. దానికి ఆ తేడా మనకంటే బాగా తెలుసు.

తాళం పడ్డ మొదటి రోజు అవతలి బడికి పోయి వచ్చి ఆ పిల్ల చెప్పింది: "తాతా, రోడ్డు దాటనీకి ఆగుడే ఆగుడు. దాటేసరికి అన్నం గంట అయ్యేటట్టుంది." నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. విమానం అందుకోవాలని ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు ఆ రోడ్డు మీద ఎవరి కోసమూ ఆగవు. పది రోజుల్లో ముగ్గురు పిల్లలు బడే మానేశారు. ఒకమ్మాయి మేకల వెంట పోవడం నా కళ్లతో చూశాను. ఆ వేళ నా భార్య అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "ఇగ అది మళ్ల రాదు. ఒక్క ఏడు తప్పితే ఆడపిల్ల మళ్ల బడికి రాదు" అంది.

మర్నాటి నుంచి నా మోటార్ల షెడ్డులో చాప పరిచింది. తెగిన రాగి తీగ ముక్కలు ఏరి, వాటిని వంచి అక్షరాలు చేయించేది. నేను ఒక మూల కాయిల్ చుడుతుంటే, ఇంకో మూల 'అ' కి తోక ఎటు తిప్పాలా అని కొట్లాట. మేకల పిల్ల కూడా మేకల్ని చింతకు కట్టేసి వచ్చింది. కానీ షెడ్డు బడి కాదు. అక్కడ ఎన్నేళ్లు చదివినా పైతరగతికి పనికొచ్చే కాగితం రాదు. బడి తాళం తీయించాల్సిందే.

విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ రాశాను. "మీ సొంత పిల్లల చెయ్యి పట్టుకుని ఒక్కసారి ఈ రోడ్డు దాటించండి, అప్పుడు మాట్లాడదాం" అని మొదలుపెట్టాను. ఆమె చదివి, అద్దాలు నుదుటి మీదికి జరిపింది.

"ఇది అర్జీనా, కొట్లాటకు పిలుపా?"

"ఉన్నదే రాసిన."

"ఉన్నదే రాసినవు గని, తిట్టు ముందుగాల పెట్టి, దండం ఎనక పెట్టినవయ్యా."

అలాగే పంపాను. జవాబు లేదు. ఇంకోటి ఇంకా ఘాటుగా పంపాను. దానికీ లేదు. చివరికి శంషాబాదులో ఆ ఆఫీసుకే పోయాను. అధికారి చిన్నవాడు, కోస్తావైపు మనిషి. కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, ఇరవైమంది కంటే తక్కువుంటే పక్క బడిలో కలపమని ఉత్తర్వులున్నాయండీ. మీ బడిలో ఉన్నది పదహారు."

"ఎవలు చెప్పిన్రు సారూ? ఇరవై మంది! రోజూ నా కండ్లతోటి చూస్త."

ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. నా భార్య గుండ్రటి చేతిరాత. పదహారు పేర్లు. అన్నేళ్లలో ఒక్క ఆ రోజే, చదవడం రాకుండా ఉంటే బాగుండు అనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆ నలుగురి పేర్లు ఏమైనయి?"

ఆమెకు వెంటనే అర్థమైంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "చెయ్యి అందలే" అంది మెల్లగా.

వెనకట పుట్టిన తేదీలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. పిల్లవాడు కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకుంటే వయసు వచ్చినట్టు, బడిలో పేరు రాసేవారు. కాగితాలు వచ్చాక అందరూ ఆ పద్ధతి వదిలేశారు. ఈమె వదల్లేదు. చిన్నప్పుడు ఈమెను వాళ్ల పంతులు రెండేళ్లు అలాగే పేరు రాయకుండా కూర్చోబెట్టాడట, ఆ రెండేళ్లు ఉత్తగా కూర్చుని వినడం వల్లే తనకు చదువు ఇష్టమైందట. అందుకే చెయ్యి అందనివాళ్లను కూర్చోబెట్టుకునేది, ఆడించేది, పేరు మాత్రం ఎక్కించేది కాదు. ఆ నలుగురికీ వయసు ఎప్పుడో నిండింది. కాకపోతే పొట్టివాళ్లు.

"ఆఫీసోళ్లను రెండు నెలల సంది తిడుతున్న! తప్పు మనింట్ల పెట్టుకొని!" అని అరిచాను.

గడప మీద హోంవర్కు చేసుకుంటున్న మనవరాలు తలెత్తింది. "తప్పు చేస్తే నాయనమ్మ గూడ గుంజీలు తియ్యాలె గదా తాతా?"

"తీస్త బిడ్డా," అంది ఆమె, "మోకాళ్లు ఒప్పుకుంటే." తర్వాత నా వైపు తిరిగింది. "కాగితం తే. నేను చెప్త, నువ్వు రాయ్. లెక్క తప్పింది నా వల్లనే అని రాయ్."

"నేను రాయ. అన్నేండ్ల సర్వీసుల ఒక్క మచ్చ లేదు నీకు. రిటైరైనంక ఎవలన్న కోరి మచ్చ పెట్టుకుంటరా?"

"ఆ పిల్ల మేకలు కాసుడు కంటే నాకు మచ్చ పడుడు నయం. రాయ్."

రాశాను. నేను 'అన్యాయంగా' అని రాసిన చోటల్లా ఆమె కొట్టేసింది. మూడు చోట్ల కొట్టేసి, బడి మానేసిన ముగ్గురి సంగతి రాయించింది. పెళ్లైన ఇన్నేళ్లకు మొదటిసారి ఆమె చెబుతుంటే రాశాను.

పుట్టిన కాగితాల కోసం ఇద్దరం నాలుగిళ్లు తిరిగాం. ఒకామె బియ్యం డబ్బా అడుగు నుంచి కాగితం తీసి ఇస్తూ, "టీచరమ్మా, మా పోరనికి చెయ్యి పొట్టిది గని నోరు పెద్దది. జర దాన్ని చూసన్న రాసుకోకపోయిన్రా?" అంది. ఆమె నవ్వలేక నవ్వింది. "తప్పయింది చెల్లె" అంది. ఒక టీచరు వాడలో ఇంటింటికీ పోయి ఆ మాట అనడం నేనెక్కడా చూడలేదు. నలుగురు తల్లులూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అర్జీ నా పేరు మీదే పోయింది. కింద ఆమె సంతకం.

దసరా సెలవుల్లో పోస్టు వచ్చింది. షెడ్డులో పిల్లల మధ్య నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నేనే పైకి చదివాను:

"మీ అర్జీ అందింది. నలుగురు పిల్లల వయసు పత్రాలు పరిశీలించి సరైనవిగా గుర్తించాము. వారి పేర్లు నమోదు చేసుకుని, సెలవుల అనంతరం మీ వాడ పాఠశాలను తిరిగి తెరవవలసిందిగా ఆదేశించడమైనది. కొత్త ఉపాధ్యాయిని ఆ రోజే విధుల్లో చేరుతారు. ఇది ఆమె మొదటి ఉద్యోగం, ఈ ప్రాంతం ఆమెకు కొత్త. కనుక మొదటి వారం ఆమెను వెంటబెట్టుకుని పిల్లల ఇళ్లు చూపించవలసిందిగా మీ శ్రీమతి గారిని కోరుతున్నాము. బడి మానేసిన ముగ్గురి ఇళ్లు ముందుగా చూపించగలరు."