విమానానికి ఎదుర్కోళ్లు



షాద్‌నగర్ దగ్గర మా మేనమామ కూతురి పెళ్లి. మగపెళ్లివాళ్లు ఈ సాయంత్రం ముంబై నుంచి విమానంలో వచ్చారు. మా ప్రాంతంలో మగపెళ్లివాళ్లను ఊరి పొలిమేరలోనే షర్బత్‌తో ఎదుర్కోవడం ఆనవాయితీ, దాన్నే ఎదుర్కోళ్లు అంటాం. మామకు అది చాల్లేదు. శంషాబాద్‌లో దిగే విమానాలు మా ఊరి మీదుగానే తక్కువ ఎత్తులో పోతాయి. వాళ్ల విమానం ఎక్కడుందో ఫోన్‌లో చూస్తూ, అది రాగానే డీజే బండి మీది లేజర్ లైటును పైకి తిప్పించాడు. పచ్చటి వెలుగు సరిగ్గా విమానం ముక్కుకు తగిలింది. అందరం ఈలలు వేశాం. కిందికి దిగుతున్న విమానం ఒక్కసారిగా పైకి లేచిపోయింది.

"చూసిర్రా, మనకు సలాం కొట్టింది!" అన్నాడు మామ.

మగపెళ్లివాళ్లు ఊరు చేరేసరికి పెళ్లికొడుకు తల్లికి కారు దిగే ఓపిక కూడా లేదు. మామ షర్బత్ గ్లాసు అందిస్తూ వియ్యంకుణ్ణి అడిగాడు: "బావా, మా లైటు కనబడ్డదా?"

ఆయన గ్లాసు అందుకోలేదు. "ఎవడో కిందికెల్లి లైటు కొట్టిండంట, పైలట్‌కు కండ్లు కనబడలేదంట. దిగెటోళ్లం మల్ల పైకి పోయినం. పానాలు పోయినయ్ అనుకున్నం. గది మీరేనా?"

అప్పుడే పైన ఇంకో విమానం మోత వినిపించింది. లైటు ఎప్పుడో ఆర్పేశాం. అయినా మామ పరుగెత్తుకెళ్లి వైరు పీకేశాడు.

ఆ పైలట్‌కు క్షమాపణ ఎలా చేరవేయాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఇందాక మొదటి ఈల వేసింది నేనే.