ఎడమ భుజానికి చేసిన తుపాకి

మా చేలు కొల్లేటి అంచున ఉండేవి. నారుమళ్ల మీద అడవిబాతులు పడ్డాయంటే బురదే మిగిలేది. డప్పులు, కేకలు, దిష్టిబొమ్మలు అన్నీ అయ్యాక, రెండేళ్లు వరసగా నారు పోగొట్టుకున్న మా నాన్న తుపాకి కొంటానన్నాడు. కొత్తది మా తాహతుకు మించినది. మద్రాసులో ఒక వ్యాపారి దొరల సీమ నుంచి పాతవి తెప్పిస్తాడని విని, ఉత్తరాలు రాసే పని నాకు అప్పగించాడు. నేనప్పుడు ఏలూరులో గుమాస్తాని. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని ఇంట్లో నమ్మకం.

వ్యాపారి పంపిన జాబితాలో ఒకటి మిగతావాటికంటే బాగా చౌక. దాని పక్కన ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలున్నాయి. అర్థం కాలేదు. అడిగితే నా పాండిత్యం బయటపడుతుందని అడగలేదు.

లైసెన్సు, దిగుమతి కాగితం, ఓడ, రేవు, రైలు అన్నీ దాటి ఆరు నెలలకి పెట్టె ఇల్లు చేరింది. నానమ్మ తుపాకికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నాన్న కుడి భుజానికెత్తితే చెంప దాని వెనక కర్రకి ఆనలేదు. భీమడోలు నుంచి వచ్చిన వేటగాడొకడు చూసి నవ్వాడు.

"ఇది ఎడమచేతి వాటం దొరెవరో చేయించుకున్నదండీ. కర్ర అటు వంచారు."

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. లైసెన్సు ఆ తుపాకి నంబరు మీదే ఉంది. తిప్పి పంపితే మళ్లీ ఆరు నెలలు. నారు పోసి అప్పటికి వారం. జాబితాలోని ఆ రెండు అక్షరాలకి అర్థం ఎడమచేతి వాటమని అప్పుడు తెలిసింది; తప్పు నాదేనని ఒప్పుకున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

 మర్నాడు పొద్దు పొడిచే వేళ నాన్న గట్టు మీద నిలబడి తుపాకిని ఎడమ భుజానికి మార్చాడు. ఆయన ఎడమచేత్తో ఒక్క పని చేయడం కూడా నేనెన్నడూ చూడలేదు. వేలు తడుముకోకుండా మీట మీదికి వెళ్లింది. రెండు తూటాలకి రెండు బాతులు పడ్డాయి, మిగతా గుంపంతా లేచి కొల్లేటి మీదికి పోయింది. ఆ ఏడు నారు దక్కింది.

ఆ పొద్దున మా వెనకే వచ్చిన నానమ్మ నాన్న ఎడమచెయ్యి పట్టుకుని చూసింది.

"చిన్నప్పుడు నువ్వు ఆ చేత్తోనే అన్నం తినేవాడివిరా. మానిపించడానికి వాత పెట్టాను."

"గుర్తుందమ్మా" అన్నాడు నాన్న. ఆ మాటలో కోపం లేదు. కోపం నాకొచ్చింది.

భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని నానమ్మ, "ఇవ్వాళ ఆ చేత్తోనే తినరా అబ్బాయ్, ఎవరేమంటారో నేను చూస్తాను" అంది. ఎవరైనా ఎడమచెయ్యి విస్తట్లో పెడితే పంక్తిలోంచి లేచిపోయే మనిషి ఆవిడ.

నాన్న ఎడమచేత్తో ముద్ద కలిపాడు. నోటిదాకా వచ్చేసరికి మెతుకులన్నీ రాలిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించి, నవ్వి, చెయ్యి కడుక్కుని కుడిచేత్తో తిన్నాడు. నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.