రంగు విరిగిన నీళ్లు

మా మేనమామ పోయాడు. పొద్దున్నే సుబేదారిలో నేనుండే ఇంటికి కబురు తెచ్చిన మనిషి సైకిలు దిగకుండానే "మీ మామ ఇగ లేడన్నా" అన్నాడు. నేను నేతవాడకు చేరేసరికి వాకిలి నిండా జనం. అప్పటికే ఒక మాట నోటినోటా తిరుగుతోంది, పక్కింటి బావిని బాగుచేసిన పుణ్యాత్ముడు పోయాడని. వారం తిరక్కుండా కుల సంఘం పెద్దలు దాన్ని కరపత్రంగా అచ్చేయించారు. "విషజలాన్ని అమృతం చేసిన మహనీయుడు" అట.

ఆయన బతికుండి ఆ కాగితం చూస్తే తల ఎత్తేవాడు కాదు. ఆ బావిని పాడుచేసిందే ఆయన. ఈ సంగతి ఆయన నోటితోనే ఎన్నోసార్లు విన్నాను. ఒక మనిషి దగ్గర చివరిదాకా మిగిలిన సిగ్గును నివాళి పేరుతో లాక్కుంటారా? అందుకే ఇది రాస్తున్నాను.

మామది అద్దకం షెడ్డు. జంపఖానాలు నేసేవాళ్ల నూలుకు రంగు వేసేవాడు. రాగి కాగులో రంగు మరుగుతుంటే ఇనుమన్నది గడప లోపలికి రానిచ్చేవాడు కాదు. పనివాళ్ల మొలతాడుకున్న తాళం చెవులు, ఆడవాళ్ల తలపిన్నులు బయట గూట్లో పెట్టి రావాల్సిందే. "ఇనుము జరంత తాకిందా, ఎరుపు సచ్చిపోతది" అనేవాడు. నా జేబులో పెన్నుకున్న క్లిప్పును కూడా అనుమానంగా చూసేవాడు.

షెడ్డు వెనక పెరట్లో ఒక గుంత. మిగిలిన రంగు నీళ్లన్నీ అందులోకే. గుంత పక్కన గోడ, గోడ అవతల ఒక మగ్గం ఇల్లు, వాళ్ల చేదబావి. నా చదువు సాగింది ఆ రంగుతోనే. యజమానుల మీద నేను రాసిన వ్యాసాలకు కాగితమూ సిరా కూడా ఆ గుంత ఒడ్డునుంచే వచ్చాయి. సభల్లో మిల్లుల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. మా మామ షెడ్డు మాత్రం నాకు కుటీర పరిశ్రమ!

డెబ్బైల చివర్లో ఒకనాడు మామ తన కూతురి పెళ్లికి పిలవడానికి ఆ మగ్గం ఇంటికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. గడప దాటి వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లివ్వడం ఎవరింట్లోనైనా ఉన్నదే. ఆ ఇల్లాలు మామను అన్నా అని పిలిచేది. ఎప్పుడూ ఇత్తడి చెంబుతో ఇచ్చే మనిషి ఆ రోజు గాజు గ్లాసులో తెచ్చింది. నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"తాగు అన్నా. మీ ఇంటియే."

"ఎన్నొద్దుల సంది ఇట్లున్నయి చెల్లె?"

"వానలు పడ్డంక ఇంకింత ఎక్కువైంది. నిన్న అన్నం గూడ ఎర్రగొచ్చింది. మిఠాయి అన్నమని మా పోరగాండ్లు సంబురపడ్డరు."

మామ గ్లాసు ఎత్తి చివరిదాకా తాగాడు. "ఏందన్నా, తాగుమంటె తాగుడేనా?" అంటూ ఆమె గుంజుకోబోయింది. అప్పటికే గ్లాసు ఖాళీ. పెళ్లి పిలుపు చెప్పకుండానే ఇద్దరం బయటికొచ్చాం.

తర్వాత ఆయనకు తట్టిన ఆలోచన అద్దకం పని చేసినవాడికే తడుతుంది. జీవితమంతా దేన్ని గడప బయట ఉంచాడో దాన్నే వెతుక్కుంటూ లేత్ షాపుకు పోయాడు. గుంత నీళ్లు సీసాల్లో పట్టి, ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో ఇనుప చుట్టలు, ఇంకోదాంట్లో ఆకురాయి కింద రాలిన సన్నటి ఇనుప రజను వేశాడు. మేకుల సీసా రోజుల తరబడి ఎర్రగానే ఉంది. రజను సీసాను కూర్చుని ఊపుతూ పోతే అన్నాల వేళకు నీళ్లు తేటపడ్డాయి.

"ఎంత సన్నగుంటె దీనికి అంత ఆకలి అల్లుడా" అన్నాడు.

గుంతకూ గోడకూ నడుమ కందకం తవ్వించి, ఇసుకలో రజను కలిపి నింపాడు, భూమి లోపల పారే నీళ్లు దాన్లోంచే పోవాలని. షెడ్డు ఆపేశాడు. మరుసటేడు వానలు వెనకబట్టాక బావి తేటపడింది. వాడంతా చూడ్డానికి వచ్చింది. నేను ప్రజల విజ్ఞానం అంటూ వ్యాసం మొదలుపెట్టాను.

ఆమె బావిలో బిందె వేయబోతే మామ చేద పట్టుకుని ఆపాడు. సీసా నిండా ఆ నీళ్లు తీసుకుని, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నా స్నేహితుడి దగ్గరికి నన్ను లాక్కుపోయాడు.

"రంగు విరిగింది, నిజమే" అన్నాడు స్నేహితుడు. "విరిగిన ముక్కలు నీళ్లల్లనే ఉండొచ్చు. రంగుకన్న చెడ్డయి గూడ కావచ్చు. అయి చూసే సామాను మా దగ్గర లేదు."

"ఉన్నయని అయితే అనలేదు గదా" అన్నాను నేను.

మామ నావైపు తిరిగాడు. "నువ్వు గూడ సేట్ల లెక్కనే మాట్లాడుతానవు."

ఇంటికి రాగానే ఆమె బావి గిరకకున్న చేద విప్పేశాడు. ఆమె ఊరుకోలేదు. "పాడైననాడు తాగనిచ్చినవు, మంచిగైనంక ఆపుతానవా?" అని గోడమీదుగా అరిచింది.  మర్నాటినుంచి మామ వీధి నల్లా దగ్గర బిందెలు నింపి కావడితో ఆమె ఇంటికి మోశాడు. షెడ్డు ఓనరు నీళ్లు మోస్తాండని వాడలో నవ్వుకున్నారు. "ఇయ్యాల లేటైందే అన్నా, జీతం కోస్త" అనేది ఆమె. మామ నవ్వేవాడు కాదు. నడుము పట్టేసేదాకా మోశాడు.

అసలు సిగ్గు అప్పటికింకా రాలేదు. మిగతా షెడ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఈ కిటుకు నేర్చుకుపోయారు. కందకాలు ఎవరూ తవ్వలేదు. గుంతలో రజను చల్లి, కట్టెతో తిప్పి, తేటపడ్డ నీళ్లను వీధి మురుగు మోరీలోకి వదిలేశారు. అడిగితే మా మామ పేరు చెప్పారు. ఆయన షెడ్డు షెడ్డుకూ తిరిగి వద్దని బతిమాలాడు. "తెల్లగనే ఉన్నయి గదనే, ఇంకేం ఫికరు?" అన్నారు.

ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని అన్నాడు. "రంగు కనవడితె ఎవలన్న అడుగుతరు అల్లుడా. కనవడకపోతె ఎవ్వలడుగుతరు? నేను వీళ్లకు దాసిపెట్టుడు నేర్పిన."

షెడ్డు మళ్లీ తెరవలేదు. కరపత్రం కింద పేర్లున్న పెద్దలకు ఇంకా షెడ్లున్నాయి. అమృతం అన్న మాట వాళ్లకు ఎందుకు అవసరమో చదివేవాళ్లే ఆలోచించండి. ఆయన మహనీయుడైతే వాళ్ల మోరీలు కూడా పవిత్రమే కదా. నేను మొదలుపెట్టిన ఆ వ్యాసం చించేశాను గానీ, దాని బదులు రాయాల్సింది ఇన్నేళ్లూ రాయలేదు. ఇదే అది.

ఆయన పోయిన రోజు చివరి స్నానానికి నీళ్లు కావాలన్నారు. నల్లా అప్పటికే బందైంది. పక్కింటి ఆమె లేచిపోయి, గిరకకు చేద కట్టి, ఆ బావిలోంచే తోడుకొచ్చింది.

"ఆ నీళ్లు ముట్టద్దన్నడు గదనే" అన్నారెవరో.

"మమ్ముల తాగద్దన్నడు. తనకు తానం వద్దనలే. ఆయన బాయే గద."

అది కోపమో ప్రేమో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆయన గోళ్ల సందుల్లో ఎప్పటికీ వదలని ఎరుపు మీదుగా జారి, పెరట్లో పల్లానికి, పాత కందకం వైపు పారాయి. తుప్పుపట్టిన ఇసుక మీద నిలిచి, మెల్లగా రంగు తిరిగాయి. అమృతం, అమృతం అంటున్న పెద్దలు ధోవతులు ఎత్తిపట్టి పక్కకు జరిగారు. నేనూ జరిగాను.

ఆమె జరగలేదు. ఖాళీ బిందె చంకనేసుకుని, ఆ తుప్పు నీళ్లలో ఒట్టి కాళ్లతో, అవి ఇంకిపోయేదాకా అట్లాగే నిలబడి ఉంది.