మావ తొక్కిన హారతి

మొన్న మంగళవారం ట్యాంకు మావ పోయాడు. పలాసలో డయాలసిస్ చేయించుకుని, కవిటి ఆటో ఎక్కబోతూ అక్కడే కూలబడ్డాడట. ఆ కబురు నాకు టీ దుకాణంలో తెలిసింది. ఏ మావ అని అడిగితే టీ పోసేవాడు గ్లాసు కడుగుతూనే, "అదే బావా, హారతి తొక్కీసినాడు సూడు, ఆ మావ" అన్నాడు.

డెబ్బై ఏళ్లకు పైగా బతికిన మనిషికి చివరికి మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని ఊళ్లోకి వదిలింది నేను. వెనక్కి తెచ్చుకోవలసిందీ నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు వరసకు మావ కాడు. మా వైపు కాస్త తల నెరిసిన ప్రతివాడూ మావే. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో బాయిలరుకు నూనె నిలవ ఉంచే ట్యాంకులు ఉంటాయి. పాతవి తీసి కొత్తవి బిగించడం ఆయన పని. జీడిగింజ ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి మంట కావాలి. చాలాచోట్ల జీడితొక్కే తగలేస్తారు గాని, నేను పనిచేసిన ఫ్యాక్టరీ కాస్త గొప్పకు పోయి డీజిలు మీద నడిచేది. నేనక్కడ బాయిలరు దగ్గర ఉండేవాణ్ణి. నా చదువు బడిలో వచ్చింది కాదు, పకోడీ పొట్లాల కాగితాల మీద వచ్చింది. అందుచేత ఏ విషయమైనా నాకు సగమే తెలుసు. మిగతా సగం నూనె మరక కింద ఉండిపోయింది.

మావ పనిచేసినంతసేపూ పళ్ల మధ్య వెలిగించని బీడీ ఉండేది. సాయంత్రం గేటు దాటి, రోడ్డు కూడా దాటాకే దాన్ని వెలిగించేవాడు. కొత్త ట్యాంకు దిమ్మె మీద పెట్టగానే నూనె పోయనిచ్చేవాడు కాదు. ముందు నిండా నీళ్లు పోసి, బరువుకు దిమ్మె కుంగుతుందేమోనని మూడు రోజులు చూసేవాడు. "ఉద్దానం ఇసక బావూ. మాటిచ్చి తప్పుతాది" అనేవాడు. ట్యాంకు చుట్టూ గట్టి గోడ కట్టందే కదిలేవాడు కాదు. "ట్యాంకన్నాక ఎప్పుడో ఓ రోజు ఏడుత్తాది. ఆ ఏడుపు గోడ లోపలే ఉండాల. నూతి దాకా పోకూడదు." ఊరూరా కిడ్నీ జబ్బులతో మా నీళ్ల మీద అసలే ఎన్నో అనుమానాలు. కొత్తది ఒకటి తన చేతుల మీదుగా చేరకూడదని ఆయన పట్టుదల.

ఇంకోటి తరచూ అనేవాడు. "నిండు ట్యాంకుని నమ్ము, ఖాళీదాన్ని నమ్మకు. అంటుకునేది నూనె కాదురా, దాని గాలి."

ఇక హారతి సంగతి. చాలా ఏళ్ల కిందటి మాట, నడి వేసవి. మా పాత ట్యాంకు తుప్పు పట్టింది. దాన్ని కోసి తీసేసి కొత్తది పెట్టాలి. యజమాని తల్లిని మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్లం. ముహూర్తం ఆవిడే పెట్టించింది. ఖాళీ చేసిన ట్యాంకుకు పసుపు రాశారు, మూత తీసిన నోటి చుట్టూ బంతిపూల దండ వేశారు. నల్లటి రేకు ఎండకు సెగలు కక్కుతోంది. గ్యాసు కట్టరు పట్టుకుని ఒకడు సిద్ధంగా ఉన్నాడు. ఆఫీసు వసారాలో కర్పూరం వెలిగించి, గంట వాయిస్తూ, పెద్దమ్మగారు పళ్లెం పట్టుకుని ట్యాంకు వైపు బయలుదేరింది.

అప్పుడే గేటులోంచి వస్తున్న మావ ఆగిపోయి ముక్కు పైకెత్తాడు. మరుక్షణం పరుగు. అరవై దాటిన మనిషి ఆవిడ చేతిలో పళ్లెం లాక్కుని, గాలికి ఎదురు పరిగెత్తి, గేటు అవతల ఇసకలో బోర్లించి, కర్పూరాన్ని ఉత్త కాలితో తొక్కాడు. పొగ కూడా లేకుండా తొక్కాడు.

"ఓలమ్మో! హారతి తొక్కీసినాడర్రా! ఒరే, నీ కాళ్లు పడిపోను!" పెద్దమ్మగారు గుండెలు బాదుకుంది.

"మతి పోయిందేటి మావా? మాయమ్మ సేతిలో పళ్లెం లాక్కుంతావా?" అని యజమాని మీదికి వచ్చాడు.

"నన్ను తర్వాత తిట్టు బావూ. ముందు జనాన్ని దూరంగా నడిపించు. సెల్లులు ఎవులూ ముట్టద్దని సెప్పు."

ఇక్కడిదాకా నేను టీ దుకాణంలో చెప్పేవాణ్ణి. పెద్దమ్మగారి గొంతు పెట్టి, మావ గెంతులు గెంతి మరీ చెప్పేవాణ్ణి. ఇక్కడ ఆపితే నవ్వు వస్తుంది. ఎప్పుడూ ఇక్కడే ఆపాను.

మిగతాది ఇది. ముందురోజు సాయంత్రం, తాను వచ్చి నీళ్లు నింపేదాకా ట్యాంకును ఎవరూ ముట్టుకోవద్దని మావ చెప్పి వెళ్లాడు. అడుగున మడ్డి ఉండిపోయింది. పెట్రోలుతో మడ్డి వదులుతుందన్న సగం నాకు తెలుసు. మెచ్చుకుంటారు కదా అని ముహూర్తం రోజు పొద్దున్నే ఐదు లీటర్లు లోపల పోసి, కర్రకు గుడ్డ చుట్టి కడిగాను.

ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గర మావ నా అరచేతులు పట్టుకుని వాసన చూశాడు.

"ఎంత పోసినావు?"

చెప్పాను.

"పెట్రోలు గాలి పైకి పోదురా. పాములాగ నేల మీద పాకుతాది. ముసల్ది ట్యాంకు దాకా రానక్కర్లేదు, అదే పళ్లెం కాడికి వచ్చీసును." తర్వాత పక్క షెడ్డు వైపు చూశాడు. లోపల జీడిగింజలు కొట్టే ఆడవాళ్లు పాట పాడుకుంటున్నారు. "ఎవులికైనా సెప్పినావా?"

"నేదు మావా."

"సెప్పకు. పిల్లలున్నోడివి, పని పోద్ది."

పని ఆయనకు పోయింది. మూతి దాకా నీళ్లు నింపి, పాత ట్యాంకును ఎవరికీ చిన్న దెబ్బ తగలకుండా తీయించాడు, కొత్తది బిగించాడు. ఆ తర్వాత మరే ఫ్యాక్టరీ పిలవలేదు. కొత్త ట్యాంకంటే శుభకార్యం. హారతి తొక్కినవాణ్ణి ఎవడు పిలుస్తాడు? కొన్నాళ్లకు కిడ్నీలు చెడి కాళ్లు వాచాయి. పెద్దమ్మగారి శాపం తగిలిందని ఊరు తీర్పు చెప్పేసింది. అదే మాట నేను మెల్లగా ఆయన చెవిన వేస్తే, ఉబ్బిన పాదం కేసి చూసుకుని నవ్వాడు.

"మా యీదిలో ఇంటింటా ఇదే జబ్బు కదరా. అందరూ హారతులే తొక్కినారేటి?"

అప్పుడైనా నిజం చెబుతానన్నాను. "నీ కూతురు పెళ్లయినాక సెప్పుదువులే" అన్నాడు. కూతురి పెళ్లయింది. మనవలు పుట్టారు. నా నోరు లేవలేదు. ఆ కథకు జనం ఇంకా నవ్వుతున్నారు మరి.

దహనం అయ్యాక స్నానం చేసి, తిన్నగా యజమాని ఇంటికి వెళ్లాను. చీకటి పడుతోంది. కరెంటు లేదు. పెద్దమ్మగారు వసారాలో ప్రమిదలో నూనె పోసి, వత్తి సర్దుతోంది. చాలా ముసలిదైపోయింది. మెట్టు కింద నిలబడే అంతా చెప్పాను. పెట్రోలు ఎవరు పోశారో కూడా చెప్పాను.

ఆవిడ వత్తిని ఇంకోసారి సర్దింది. "ముహూర్తానికని వచ్చి, ఆయాల షెడ్డు నీడలో నా కోడలు కూడా కూకున్నాది. నెలలు నిండిన మనిషి" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

తర్వాత అగ్గిపెట్టె అందుకుంది. పుల్ల తీసి, పెట్టె పక్కనున్న మందుకు ఆనించి, అలాగే ఉండిపోయింది. వస్తానని చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. గేటు దగ్గరికి వచ్చి వెనక్కి చూశాను. వసారా నల్లగా ఉంది. పెద్దమ్మగారు ఇంకా పుల్ల గీయలేదు.