జంక్‌లో పడిన మందు పేరు

జ్యోతి కుర్చీలో కుదురుగా కూర్చోదు. ఎవరో లేవమన్నట్టు అంచున కూర్చుని, తలుపు చప్పుడైతే తల తిప్పుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల కంపెనీల డ్రమ్ములకు లేబుళ్లు అచ్చువేసే చిన్న యూనిట్‌లో ఆమె పనిచేస్తుంది. భానూర్ నుంచి వచ్చి మొదట ప్యాకింగ్‌లో చేరింది. పొద్దంతా నిలబడి లేబుల్ చుట్టలను అట్టపెట్టెల్లో సర్దేది. కంప్యూటర్ నేర్చుకుందని తెలిసి యజమాని మహేంద్ర ఆమెను ఆఫీసు గదిలోకి మార్చాడు. మెయిళ్లు చూడటం, వచ్చిన ఆర్డర్‌ను మిషన్ దగ్గరికి పంపడం పని. తల్లి ముత్యమ్మ వాడకట్టంతా తిరిగి, "మా పిల్ల ఇగ కుర్సీల కూసొని పని జేస్తది" అని చెప్పి వచ్చింది. కూతురికి మాత్రం ఆ కుర్చీ తనదన్న నమ్మకం ఇంకా కలగలేదు.

కొత్తలో ఆమెను విసిగించినవి పనికిరాని మెయిళ్లు. లాటరీలను, అప్పులిస్తామనే వాళ్లను ఓర్చుకుంది. మగతనం పెంచే మాత్రలు అమ్ముతామనే మెయిళ్లే ఇబ్బంది పెట్టాయి. మిషన్ నడిపే కొమురయ్య ఆర్డర్ చూసుకోవడానికి వచ్చి తెర మీదికి వంగినప్పుడే అవి వచ్చి పడేవి.

"ఏంది జ్యోతమ్మా, పొద్దుగాల్నే మంచి మందులొచ్చినయి" అన్నాడొకసారి.

"వదినెకు ఫోన్ జేసి అడుగుతనే కొమురన్నా, నీకేమన్న తెప్పియ్యాల్నా అని."

కొమురయ్య నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. జ్యోతికి మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ మధ్యాహ్నమే సెట్టింగ్స్ తెరిచి, ఆ మాత్రల్లోని మందు పేరు ఎక్కడ కనిపించినా మెయిల్ నేరుగా జంక్‌లోకి పోయేటట్టు నియమం పెట్టింది. తెర శుభ్రపడింది. ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

చాలా రోజుల తర్వాత రేఖ ఫోన్ చేసింది. జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో కొనుగోళ్లు చూసే ఆమె. యూనిట్‌కు పెద్ద ఆర్డర్లన్నీ అక్కడి నుంచే వస్తాయి.

"లేబుళ్లేవి జ్యోతీ? సాయంత్రం కంటైనర్ పోతది. డ్రమ్ములు నింపి నిలవెట్టినం."

"ఏ లేబుళ్లు మేడం? మాకు ఆర్డర్ రాలే."

"రాలేదంటవేంది? ఎప్పుడు మెయిల్ పెట్టినా లేబుళ్లొస్తయి గదా అని నేను ఫోన్ జెయ్యక ఊకున్న. సిల్డెనాఫిల్ కొత్తగ మొదలువెట్టినం. దానివి."

ఆ పేరు వినగానే జ్యోతికి తను పెట్టిన నియమం గుర్తొచ్చింది. జంక్ తెరిచింది. నున్నగా గడ్డం గీసుకున్న మగవాళ్ల బొమ్మల మధ్య రేఖ మెయిల్ ఉంది. దాని మీద ఇంకొకటి, గుర్తు చేస్తూ. బీపీ మందులకు, జ్వరం మందులకు ఎన్నో లేబుళ్లు కొట్టించింది కానీ, ఈ మందును కూడా ఎక్కడో ఒక రియాక్టర్‌లో వండి డ్రమ్ముల్లో నింపుతారని, అది తమ పక్క మండలమే కావచ్చని ఆమెకు తట్టలేదు.

మహేంద్ర తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏమైంది?"

"మెయిల్ జంక్‌ల వడ్డది సార్. ఒక మాట ఉంటే అటు పోయేటట్టు నేనే వెట్టిన."

"ఏం మాట?"

"గదే... మందు పేరు సార్."

"పొద్దుందాక మందుల పేర్లే గదా మనం అచ్చేసేది. ఏ మందు?"

జ్యోతి నోటితో చెప్పలేక తెరను అతని వైపు తిప్పింది. చదివాక అతనికి నవ్వు రాబోయింది, అంతలోనే కోపం వచ్చింది.

"కంటైనర్ పోయే లోపల లేబుళ్లు అందకపోతే ఆ కంపెనీ మన చేతిల ఉండదు. గట్లనే అయితే రేపటి సంది నువ్వు ప్యాకింగ్‌ల ఉండు. మెయిళ్లు వేరేవాళ్లు చూస్తరు."

జ్యోతి ఆర్డర్ పట్టుకుని మిషన్ దగ్గరికి పరుగెత్తింది.

అక్కడొక పద్ధతి ఉంది. మొదటి లేబుల్ వచ్చాక ఒకరు ఆర్డర్ చూసి ఒక్కో అక్షరం పైకి చదవాలి, మరొకరు లేబుల్ మీద వేలు పెట్టి సరిచూడాలి. ఒక్క అక్షరం తప్పినా డ్రమ్ము ఓడరేవు నుంచి వెనక్కి వస్తుంది. చదవాల్సింది జ్యోతే. ప్యాకింగ్‌లోని ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"ఎస్... ఐ..."

"వినవడ్తలే" అన్నాడు కొమురయ్య. "మిషన్ మోతల నీ గుసగుస ఏం వినవడ్తది? గట్టిగ సదువు."

జ్యోతి గొంతెత్తింది. ఒక్కో అక్షరం విడివిడిగా, ఆఖరుకు పేరు మొత్తం కలిపి చదివింది. కొమురయ్య నవ్వలేదు. అతని వేలు అక్షరాల కింద పాకుతూ పోయింది.

"డి తర్వాత ఏమన్నవు?"

"ఇ."

"ఆ, ఉన్నది. ఇగ బ్యాచ్ నంబర్ చెప్పు."

లేబుళ్లు దిగీ దిగగానే కొమురయ్య పెట్టెను బండికి కట్టుకుని జిన్నారం బయల్దేరాడు. దారిలో ట్యాంకర్లు అడ్డుపడి ఎక్కడ ఆగిపోవాల్సి వస్తుందో తెలియదు. జ్యోతి అతనికి ఫోన్ చేయబోయి, బండి నడుపుతుంటాడని మానుకుంది. చేతులు ఊరికే ఉండలేక సెట్టింగ్స్ తెరిచింది. తను పెట్టిన నియమం తీసేసింది. కంపెనీల చిరునామాలన్నీ వెతికి, వాళ్ల మెయిల్‌లో ఏ మాట ఉన్నా ఇన్‌బాక్స్‌లోకే వచ్చేటట్టు ఒక్కొక్కటిగా చేర్చింది. మధ్యలో రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్లివచ్చింది.

ఫోన్ మోగింది. రేఖ.

"అతికిచ్చినం. కంటైనర్ ఇప్పుడే గేటు దాటింది. నా పానం దీస్తివి గదనే."

జ్యోతి ఆ మాటే మహేంద్రకు చెప్పి, నిలబడే అడిగింది. "రేపు నేను యాడికి రావాలె సార్?"

"పొద్దుగాల రాంగనే జంక్ తెరిచి చూడాలె. పొయ్యేముందు మళ్లొకసారి చూడాలె. ప్యాకింగ్‌లకెళ్లి ఎట్ల చూస్తవు?" అని అతను తన పనిలో పడ్డాడు.

ఆమె రేపటి దాకా ఆగలేదు. జంక్‌లో కిందికి, ఇంకా కిందికి పోయింది. ప్రకటనల మధ్య గుమ్మడిదల నుంచి, ఎప్పుడూ పేరు వినని కంపెనీ మెయిల్ ఒకటి కనిపించింది. నమూనా లేబుళ్లు పంపమని అడిగి, జవాబు లేక ఊరుకున్నట్టున్నారు. కింద ఉన్న నంబర్‌కు ఫోన్ కలిపింది.

"నమస్తే సార్, పటాన్‌చెరు నుంచి లేబుళ్లోళ్లం. సిల్డెనాఫిల్‌కు నమూనా అడిగిన్రు గదా. ఇంకా అవసరమున్నదా సార్, లేకపోతే వేరేకాడ జేయించుకున్నరా?"